రసాయన శాస్త్రంలో సందేహం వస్తే: అంతర్జాలంలో సాయం వెతుక్కునే తీరు

పదో తరగతి నుంచి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం వరకు రసాయన శాస్త్రం చదివే విద్యార్థులకూ, ఆ పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ కావలసిన సామగ్రిలో చాలా భాగం ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగానే దొరుకుతోంది. అమలాపురంలో ఉన్నా, ఆకివీడులో ఉన్నా, రేవు దాటి వెళ్లవలసిన లంక గ్రామంలో ఉన్నా, ఫోనుకు సిగ్నలు అందితే చాలు. చిక్కంతా ఎంపిక దగ్గరే వస్తుంది. యూట్యూబులో మోల్ భావన గురించి వెతికిన విద్యార్థి ముందు లెక్కలేనన్ని వీడియోలు వరుస కడతాయి; వాటిలో ఏది తన పుస్తకానికి సరిపోతుందో, ఏది పాత సిలబస్‌కు చెందినదో, ఏది అసలే తప్పో తేల్చుకునేలోపు చదువుకోవలసిన సాయంత్రం కాస్తా గడిచిపోతుంది. ఆ వెతుకులాటను తగ్గించే పద్ధతి ఇక్కడ వివరిస్తున్నాను.

వెతకడానికి ముందు

సందేహాన్ని ముందుగా కాగితం మీద పూర్తి వాక్యంగా రాయాలి. "రసాయన సమతాస్థితి అర్థం కాలేదు" అన్నది ఫిర్యాదే అవుతుంది. దానికి ఎవరూ, ఏ యంత్రమూ సరైన జవాబు ఇవ్వలేదు. "అమ్మోనియా తయారీలో పీడనం పెంచితే చర్య ముందుకు జరుగుతుందని పుస్తకంలో ఉంది, హైడ్రోజన్, అయోడిన్ కలిసి హైడ్రోజన్ అయొడైడ్ ఏర్పడే చర్యలో మాత్రం పీడనం ప్రభావం లేదని ఉంది, ఈ తేడా ఎందుకు?" అన్నది ప్రశ్న. ఇలా రాసుకునేటప్పుడే విద్యార్థి రెండు సమీకరణాలనూ పక్కపక్కన పెడతాడు. మొదటిదానిలో నాలుగు మోల్‌ల వాయువు రెండు మోల్‌లుగా మారుతోందనీ, రెండోదానిలో ఇటు రెండు, అటు రెండు ఉన్నాయనీ గమనిస్తాడు. చాలాసార్లు వెతకవలసిన అవసరం అక్కడే తీరిపోతుంది.

తీరకపోతే, లోపం ఏ రకానిదో చూసుకోవాలి. కంటికి కనిపించని అణువుల ప్రవర్తన ఊహకు అందకపోవడం ఒకటి, లెక్క చేసే క్రమం తెలియకపోవడం ఇంకొకటి, ప్రయోగం చేసే అవకాశం లేకపోవడం మరొకటి. మొదటిదానికి సిమ్యులేషన్ (తెరమీద కదిపి చూసే నమూనా) కావాలి, రెండోదానికి సాధించి చూపిన లెక్కలు కావాలి, మూడోదానికి వర్చువల్ ల్యాబ్ కొంతవరకు పనికొస్తుంది. అన్నింటికీ వీడియోనే ఆశ్రయించడం మన పిల్లలలో బాగా పాతుకుపోయిన అలవాటు. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఆపేసి అదే లెక్కను తెల్లకాగితం మీద మొదలుపెడితేగాని ఎంత అర్థమైందో తెలియదు. అందుచేత వీడియోను నా లెక్కలో చివరి మెట్టుగానే ఉంచుతాను.

తెలుగు మాధ్యమంలో చదివేవారికి వెతుకులాటలో ఇంకో ఇబ్బంది ఉంది. మంచి సామగ్రి ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది, పుస్తకంలోని పారిభాషిక పదానికి ఇంగ్లీషు మాట తెలియదు. ప్రభుత్వం అచ్చువేసే ద్విభాషా పాఠ్యపుస్తకంలో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉంటాయి కాబట్టి, ముందు అక్కడ చూడాలి. అక్కడ దొరకనప్పుడు తెలుగు వికీపీడియాలో ఆ అంశం పుట తెరిచి, భాషల జాబితాలో ఇంగ్లీషును ఎంచుకుంటే సమానమైన పుట వస్తుంది. దాని శీర్షికే మనం వెతకవలసిన మాట. ఆ మాటకు తరగతి పేరు, జాతీయ స్థాయి పాఠ్యపుస్తకాలు తెచ్చే ఎన్‌సీఈఆర్‌టీ అనే పేరు జోడిస్తే ఫలితాలు మన స్థాయికి దగ్గరగా వస్తాయి.

పాఠ్యపుస్తకం, దీక్ష

అంతర్జాలంలో మొదటి మజిలీ కూడా పాఠ్యపుస్తకమే కావాలి. 2017లో కేంద్రం ప్రారంభించిన దీక్ష వేదికకు పాఠ్యపుస్తకాలలోని క్యూఆర్ కోడ్‌లు ముడిపడి ఉంటాయి. దీక్ష యాప్‌తో పాఠంలోని కోడ్‌ను స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి. కెమెరా సరిగా లేని ఫోనైతే కోడ్ కింద అచ్చైన అక్షరాలను టైపు చేయవచ్చు. అక్కడి వీడియోల నాణ్యత ఒకే తీరుగా ఉండదని ఒప్పుకోవాలి. అయినా అవి మన పాఠం క్రమంలోనే నడుస్తాయి గనుక దారి తప్పే ప్రమాదం తక్కువ. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలన్నీ ఆ సంస్థ సైటులో పీడీఎఫ్‌లుగా ఉచితంగా లభిస్తాయి. ఇంటర్ స్థాయిలో పాఠం చివరి ప్రశ్నలకన్నా పాఠం మధ్యలో సాధించి చూపిన ఉదాహరణలు విలువైనవి. జవాబు మూసిపెట్టి ముందు సొంతంగా చేసి, తరువాత పోల్చుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. 2022-23 ప్రాంతంలో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలను తగ్గించినప్పుడు ఘనస్థితి, ఉపరితల రసాయన శాస్త్రం వంటి అధ్యాయాలు ఇంటర్ స్థాయి పుస్తకాల నుంచి తొలగిపోయాయి. అంతకుముందు తీసిన వీడియోలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని చూడకూడదని కాదు; ఈ ఏడాది పుస్తకంలోని విషయసూచికను పక్కన పెట్టుకోకుండా ఏ వీడియో వరుసనూ మొదలుపెట్టకూడదు.

కంటికి కనిపించని వాటికోసం

రసాయన శాస్త్రం కష్టమనిపించడానికి ముఖ్య కారణం అది మూడు అంతస్తులలో నడవడం: బీకరులో కనిపించే మార్పు, అణువుల స్థాయిలో జరిగే పని, కాగితం మీద రాసే సమీకరణం. మధ్య అంతస్తు కనిపించదు. దాన్ని చూపించడానికి నాకు తెలిసినంతలో ఫెట్ సిమ్యులేషన్లను మించిన ఉచిత సాధనం లేదు. ఇంగ్లీషులో పి, హెచ్, ఇ, టి అనే నాలుగు అక్షరాలు కొట్టి వెతికితే ఆ సైటు వస్తుంది. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయంలో దీన్ని ప్రారంభించారు. పరమాణువును కూర్చడం, సమీకరణాలను తుల్యం చేయడం, అణువుల ఆకృతులు, ద్రావణాల గాఢత, పీహెచ్ (ఆమ్ల, క్షార స్వభావాన్ని తెలిపే) కొలమానం, వాయువుల ధర్మాలు ఇందులో ఉన్నాయి. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

సిమ్యులేషన్‌ను ఆటబొమ్మలా తిప్పి మూసేస్తే ఏమీ మిగలదు. ముందు అంచనా రాయాలి, తరువాత మీట కదపాలి, అంచనా తప్పితే కారణం వెతకాలి. ఉదాహరణకు పరిమిత కారకం (చర్యలో ముందుగా అయిపోయే పదార్థం) పాఠానికి ఉద్దేశించిన సిమ్యులేషన్ సాండ్‌విచ్‌ల లెక్కతో మొదలవుతుంది. రెండు రొట్టెముక్కలకు ఒక జున్నుముక్క అన్న లెక్క మన పిల్లలకు కొత్తగా ఉంటే, ఉపాధ్యాయులు ఆత్రేయపురం పూతరేకుల లెక్కగా మార్చి చెప్పవచ్చు: చుట్టకు రెండు రేకులు, ఒక చెంచా బెల్లంపొడి చొప్పున పది రేకులూ మూడు చెంచాల పొడీ ఉంటే ఎన్ని చుట్టలు వస్తాయి, ఏది మిగులుతుంది? ఆ తరువాత అదే తెరమీద నీరు, అమ్మోనియా ఏర్పడే చర్యలకు వెళ్తే గ్రాముల లెక్కలోకి దిగడానికి విద్యార్థి సిద్ధంగా ఉంటాడు.

పీహెచ్ పాఠాన్ని మాత్రం డెల్టాలో ఇంకా లోతుగా చెప్పే వీలుంది. భీమవరం, ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల పిల్లలలో చాలామంది ఇళ్లలో చెరువు నీటిని సీసాలో పట్టి ఆక్వా ల్యాబ్‌కు తీసుకెళ్లడం మామూలు విషయం. ల్యాబ్ ఇచ్చే చీటీలో పీహెచ్, క్షారత, అమ్మోనియా, కరిగిన ఆక్సిజన్ వంటి కొలతలు ఉంటాయి. ఆ చీటీ తరగతి గదిలోకి వస్తే అంతకన్నా మంచి అభ్యాసపత్రం ఉండదు. రొయ్యల చెరువుకు పీహెచ్ సాధారణంగా 7.5 నుంచి 8.5 మధ్య ఉండాలంటారు. పిల్లవాడికి ఆ రెండు అంకెల తేడా ఒకటే. సిమ్యులేషన్‌లో చూస్తే హైడ్రోజన్ అయాన్ గాఢత పదో వంతుకు పడిపోయిందని కనిపిస్తుంది. సంవర్గమానం (లాగరిథమ్) ఎందుకు వాడతారో అప్పుడు వేరే చెప్పనక్కరలేదు.

అదే చీటీ నుంచి ఇంటర్ స్థాయి ప్రశ్న కూడా పుడుతుంది. తెల్లవారుజామున తక్కువగా ఉన్న చెరువు పీహెచ్ మధ్యాహ్నానికి ఎందుకు పెరుగుతుంది? నీటిలోని సూక్ష్మ మొక్కలు ఎండలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతూ కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను వాడేస్తాయి. కార్బానిక్ ఆమ్లం తగ్గుతుంది, పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ పెరిగినప్పుడు, మొత్తం అమ్మోనియా మారకపోయినా, చెరువుకు ప్రమాదం ఎందుకు ఎక్కువవుతుంది? అమ్మోనియం అయాను, అమ్మోనియాల మధ్య సమతాస్థితి ఉంటుంది. హైడ్రోజన్ అయాన్లు తగ్గితే అది అమ్మోనియా వైపు జరుగుతుంది, రొయ్యలకు ఎక్కువ విషం ఆ అమ్మోనియానే. సమతాస్థితిలో మార్పు తెస్తే ఆ మార్పును తగ్గించే వైపు చర్య జరుగుతుందనే లే షాట్లియే సూత్రాన్ని ఇంత దగ్గరగా చూపే ఉదాహరణ, అమ్మోనియా తయారుచేసే హేబర్ పద్ధతిలో లేదు. ఉపాధ్యాయులు ఇలాంటి ప్రశ్నతో వెతికితే వ్యవసాయ, మత్స్య విశ్వవిద్యాలయాల పత్రాలలో అమ్మోనియా శాతం పీహెచ్‌తోనూ ఉష్ణోగ్రతతోనూ ఎలా మారుతుందో చూపే పట్టికలు దొరుకుతాయి. ఆ పట్టికను గ్రాఫుగా గీయించడం ఒక పీరియడ్ పని.

ప్రయోగాలు, జాగ్రత్తలు

తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ప్రయోగాలకు ఓల్యాబ్స్ అనే భారతీయ వేదిక ఉంది. అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ కలిసి రూపొందించిన ఈ వేదికలో అంశ మాపనం, లవణ విశ్లేషణ వంటివి తెరమీద చేసి చూడవచ్చు. బ్యూరెట్ తిప్పే చేతి నేర్పు దీనితో రాదు. అది ల్యాబులోనే రావాలి. లవణ విశ్లేషణలో ఏ పరీక్ష తరువాత ఏ పరీక్ష, ఏ రంగు దేనికి గుర్తు అనే క్రమం మాత్రం బాగా పట్టుబడుతుంది. ప్రాక్టికల్ పరీక్షకు ముందు వారం దీనికి కేటాయించడం మంచి పని.

ల్యాబు సరిగా లేని పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయులు బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ విద్యా విభాగం సైటును తప్పక చూడాలి. అందులో సూక్ష్మ పరిమాణ ప్రయోగాలు ఉన్నాయి. పరీక్షనాళిక బదులు ప్లాస్టిక్ షీటు మీద ఒక్కొక్క చుక్కతో చర్యలు జరిపే పద్ధతి అది. రసాయనాలు కొద్దిగానే ఖర్చవుతాయి, పారబోయవలసిన వ్యర్థమూ తక్కువ. ప్రతి ప్రయోగానికీ కావలసిన గాఢత, పరిమాణం, ప్రమాద సూచనలు విడిగా రాసి ఉండడం ఆ సైటులో నాకు నచ్చిన విషయం.

ఆ సూచనలు లేని ప్రయోగం వీడియో ఎంత ఆకర్షణీయంగా ఉన్నా చేయకూడదు, పిల్లలను ఇంటి దగ్గర చేయనివ్వకూడదు. మన ప్రాంతంలో ఇది ఉత్త మాట కాదు. చెరువుల కోసం కొన్న బ్లీచింగ్ పౌడరు బస్తాలు ఇళ్లలో ఉంటాయి, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం సీసాలూ ఉంటాయి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, మూసిన గదిలో అది ప్రాణాంతకం. క్షార లోహాలను నీటిలో వేసే ప్రదర్శనలను తెరమీదే చూపాలి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రజ్ఞులు 2008 నుంచి మూలకాల మీద తీస్తున్న పీరియాడిక్ వీడియోస్ వరుస ఇందుకు చక్కగా పనికొస్తుంది. 118 మూలకాలకూ అందులో వీడియోలు ఉన్నాయి.

దొరికినదాన్ని సరిచూసుకోవడం

రెండు చోట్ల రెండు జవాబులు కనిపించినప్పుడు ఒకటి తప్పని వెంటనే తేల్చేయకూడదు. ప్రమాణ పరిస్థితులలో ఒక మోల్ వాయువు ఘనపరిమాణం కొన్ని చోట్ల 22.4 లీటర్లు, కొన్ని చోట్ల 22.7 లీటర్లు అని ఉంటుంది. రెండూ సరైనవే. పీడనాన్ని ఒక అట్మాస్ఫియర్‌గా తీసుకుంటే మొదటిది, ఒక బార్‌గా తీసుకుంటే రెండోది వస్తుంది. రసాయన శాస్త్ర అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ 1982 నుంచి బార్‌ను ప్రమాణంగా తీసుకుంది. పరీక్షలో ఏది రాయాలన్నది మన పాఠ్యపుస్తకం, ప్రశ్నలో ఇచ్చిన పీడనం చెబుతాయి. మోల్ నిర్వచనం కూడా ఇలాంటిదే. పాత వీడియోలు 12 గ్రాముల కార్బన్-12తో నిర్వచనం చెబుతాయి. 2019 మే 20 నుంచి అమలులో ఉన్న నిర్వచనం ప్రకారం మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు. పదార్థాల ద్రవీభవన స్థానం, అణుభారం, ప్రమాద సూచనల వంటి వివరాలకు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నడిపే పబ్‌కెమ్ నమ్మదగినది.

కృత్రిమ మేధ చాట్‌బాట్‌లు తెలుగులో కూడా ఓపికగా వివరిస్తాయి. అదే సమయంలో తప్పును కూడా అంతే ధీమాగా చెబుతాయి. వాటి జవాబును మూడు గీటురాళ్ల మీద పరీక్షించాలి: పరమాణువుల లెక్క, ఆవేశాల లెక్క, ప్రమాణాల (యూనిట్ల) లెక్క. ఆమ్ల యానకంలో పర్మాంగనేట్, ఫెర్రస్ అయాన్ల చర్యను తీసుకుందాం. ఎడమ వైపు ఒక పర్మాంగనేట్, అయిదు ఫెర్రస్, ఎనిమిది హైడ్రోజన్ అయాన్లు. కుడి వైపు ఒక మాంగనస్, అయిదు ఫెర్రిక్ అయాన్లు, నాలుగు నీటి అణువులు. పరమాణువులు సరిపోయాయి, ఆవేశం ఇటు 17, అటు 17. ఈ సరిచూపు అర నిమిషం పని. చాట్‌బాట్ ఇచ్చిన ప్రతి సమీకరణానికీ దీన్ని తప్పనిసరి చేసుకోవాలి. చిత్రాలుగా గీసిచ్చే అణునిర్మాణాలను మాత్రం నేనైతే నమ్మను. పుస్తకంలోనో పబ్‌కెమ్‌లోనో చూసుకుంటాను.

మనుషులను అడగడం

ఎంత వెతికినా దొరకనప్పుడు మనిషినే అడగాలి. వాట్సాప్ బృందంలో మాస్టారినో మేడంగారినో అడిగేటప్పుడు ప్రశ్న ఫోటో ఒక్కటే పెట్టి "ప్లీజ్ సర్" అని వదిలేయడం మర్యాదా కాదు, ప్రయోజనమూ లేదు. ప్రశ్న పూర్తిగా కనిపించే ఫోటో, తాను చేసిన అంచెలు, ఏ అంచె దగ్గర ఆగిందీ రాస్తే, పగలంతా పాఠాలు చెప్పి వచ్చిన ఉపాధ్యాయులకు కూడా ఒక వాక్యంలో జవాబు చెప్పే వీలు కలుగుతుంది. ఇంగ్లీషులో రాయగలిగినవారికి స్టాక్ ఎక్స్ఛేంజ్ అనే ప్రశ్నోత్తరాల సైటులోని కెమిస్ట్రీ విభాగం ఉంది. సొంత ప్రయత్నం చూపని ఇంటిపని ప్రశ్నలను అక్కడ మూసేస్తారు. ప్రయత్నం చూపితే లోతైన జవాబులు వస్తాయి. అడిగే ముందు పాత ప్రశ్నలలో వెతికితే సగం సందర్భాలలో జవాబు అప్పటికే ఉంటుంది. ఎక్కడ అడిగినా విద్యార్థి తన ఫోను నంబరు, హాల్‌టికెట్ వంటి వివరాలు పెట్టకూడదు.

ఉపాధ్యాయులకు

పాఠం తయారుచేసుకునే ఉపాధ్యాయులు ఆ అంశం పేరుకు "అపోహలు" అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాట చేర్చి వెతకడం అలవాటు చేసుకుంటే చాలా మేలు. ఏ భావన దగ్గర పిల్లలు ఎలా పొరబడతారో ప్రపంచమంతటా అధ్యాపకులు రాసిపెట్టారు. మరిగే నీటిలో బుడగలు హైడ్రోజన్, ఆక్సిజన్‌లని పిల్లలు అనుకోవడం అందులో ఒకటి. బంధం తెగితే శక్తి విడుదలవుతుందనుకోవడం ఇంకా మొండిది. దీనికి జీవశాస్త్ర పాఠం కూడా కొంత కారణం: జీవకణాలకు శక్తిని అందించే ఏటీపీ అనే అణువు బంధంలో శక్తి దాగి ఉంటుందని అక్కడ వింటారు. నిజానికి బంధం తెంచడానికి శక్తి కావాలి. కొత్తగా ఏర్పడే బంధాలు, అయాన్లను నీరు చుట్టుముట్టడం ఇచ్చే శక్తి అంతకన్నా ఎక్కువ కాబట్టి మొత్తంమీద శక్తి వెలువడుతుంది. భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీని గురించి ప్రకటించారు. 1925లో వారిద్దరూ ఇచ్చిన భాస్వరం కొలిచే పద్ధతి ఇప్పటికీ వారి పేర్లతోనే వ్యవహారంలో ఉంది. ఈ అపోహను సరిచేసే పాఠాన్ని పశ్చిమ గోదావరిలో ఆయన పేరుతో మొదలుపెట్టడం ఎంతో ఉచితం.

పుస్తకాన్ని దాటి అడిగే విద్యార్థి ఉంటే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో మొదలైన లిబ్రెటెక్స్ట్స్ ఉచిత పాఠాలను చూపాలి. ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం తన సైటులో ఉంచే ఒలింపియాడ్ పాత ప్రశ్నపత్రాలనూ చూపాలి. అవి కఠినమైనవి, తరగతి మొత్తానికి ఇస్తే నిరుత్సాహపరుస్తాయి, ఇద్దరు ముగ్గురికి వారానికొక ప్రశ్న చొప్పున ఇవ్వాలి.

తుపాను కాలంలో కరెంటూ నెట్టూ రెండూ పోవడం డెల్టాకు కొత్త కాదు కాబట్టి, అక్టోబరుకు ముందే కావలసినవి దించి పెట్టుకోవాలి. దీక్ష యాప్‌లో పాఠాలను ఫోనులోనే భద్రపరచుకోవచ్చు. ఫెట్ సిమ్యులేషన్లలో చాలావాటిని ఫైలుగా దించుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లోనే నడుస్తాయి. పెన్‌డ్రైవ్‌లో వేసి తరగతి గదిలోని ప్యానెల్ మీద చూపవచ్చు. ఫెట్, లిబ్రెటెక్స్ట్స్ వంటివాటిని మూలం పేరు చెప్పి పంచుకోవడానికి వాటి నిబంధనలే చాలావరకు అనుమతిస్తాయి. కోచింగ్ సంస్థల నోట్సు, అమ్మకానికి ఉన్న పుస్తకాల స్కాన్ ప్రతులకు అటువంటి అనుమతి ఉండదు గనుక వాటిని బృందాలలో పంపకూడదు. ఫైలుకు తరగతి, అధ్యాయం, దించుకున్న సంవత్సరం కలిసేలా పేరు పెడితే, సిలబస్ మారిన మరుసటి ఏడాది ఏది ఉంచాలో ఏది తీసేయాలో తెరవకుండానే తెలుస్తుంది.